రోమింగ్‌లో 2జీ మీద 13 రోజులు: నా అనుభవం

ఫిబ్రవరి 8 నుంచి 23 వరకు ఆఫీసు పని మీద విదేశంలో ఉన్నాను. ఆ 16 రోజుల్లో 13 రోజులు కొండల మధ్య ఉన్న ఒక ఫీల్డ్ స్టేషన్‌లో గడిచాయి. అక్కడ 4జీ లేదు, 3జీ కూడా లేదు. ఫోన్ పైన మూలకు 2జీ డేటా గుర్తుగా ఇంగ్లిష్ 'ఈ' అక్షరం, దాని పక్కన ఒకటో రెండో గీతలు. అంతే. ఇప్పటి ఫోన్ ఆ పాత నెట్‌వర్క్ మీద ఎలా పనిచేస్తుందో నాకు అప్పటిదాకా తెలియదు. వెళ్లే ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక రాత్రి జాగారం, ఒక రోజు టెన్షన్, ఒక పెద్ద బిల్లు తప్పేవి. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

జనవరి 27న రోమింగ్ ఆన్ చేయించాను. 30 రోజుల ప్యాక్ తీసుకున్నాను. 5 జీబీ డేటా, 100 నిమిషాల కాల్స్, కొన్ని మెసేజ్‌లు. వచ్చే కాల్స్ కూడా ఆ 100 నిమిషాల్లోంచే తగ్గుతాయని కస్టమర్ కేర్ అమ్మాయి చెప్పింది, అది మంచిదైంది. "నేను వెళ్లే చోట పనిచేస్తుందా అమ్మా?" అని అడిగితే "పనిచేస్తుంది మేడమ్, అక్కడ మాకు పార్ట్‌నర్ నెట్‌వర్క్ ఉంది" అంది. అబద్ధం చెప్పలేదు. ఏ పార్ట్‌నర్, ఆ కొండల్లో 4జీయా 2జీయా, పార్ట్‌నర్ కాని నెట్‌వర్క్ మీదకు ఫోన్ వెళితే ఏమవుతుంది, ఈ మూడూ నేను అడగలేదు. ఆ తర్వాత నేను పడిన ఇబ్బందుల్లో సగం ఈ మూడు ప్రశ్నల్లోనే ఉన్నాయి.

8న మధ్యాహ్నం విమానం దిగి ఫోన్ ఫ్లైట్ మోడ్ నుంచి తీశాను. నెట్‌వర్క్ పట్టుకోవడానికి ఆరేడు నిమిషాలు పట్టింది. కొత్త దేశంలో దిగాక మొదటిసారి ఇలా ఆలస్యం కావడం మామూలే కాబట్టి కంగారు పడలేదు. 4జీ వచ్చింది, స్వాగతం మెసేజ్ వచ్చింది. ఇంటికి ఫోన్ చేశాను. డయల్ చేయగానే 4జీ గుర్తు మాయమై 3జీ గుర్తు 'హెచ్' వచ్చింది. ఎనిమిది, తొమ్మిది సెకన్లు ఏ చప్పుడూ లేదు. కట్ అయిందనుకుని నేనే పెట్టేశాను. రెండోసారీ అంతే. మూడోసారి ఓపిక పట్టాను, అప్పుడు రింగయింది.

ఇలా ఎందుకవుతుందో రెండు రోజుల తర్వాత మా సీనియర్ మేడమ్ చెప్పారు. ఇంట్లో ఉన్నప్పుడు నా కాల్ 4జీ మీదే వెళుతుంది, దాన్నే వోల్టీ అంటాం. రోమింగ్‌లో ఆ సౌకర్యం రెండు కంపెనీల మధ్య విడిగా కుదరాలి. నా సిమ్‌కి అక్కడ కుదరలేదు. అలాంటప్పుడు 4జీ డేటాకి మాత్రమే. కాల్ చేసిన ప్రతిసారీ ఫోన్ 3జీకో 2జీకో దిగి, కాల్ అయ్యాక మళ్లీ పైకి ఎక్కుతుంది. ఆ దిగడానికి పట్టే టైమే ఆ నిశ్శబ్దం. కాబట్టి రోమింగ్‌లో డయల్ చేశాక కనీసం 15 సెకన్లు ఆగండి. నేను రెండుసార్లు తొందరపడి పెట్టేసినట్టు చేయకండి.

9న పొద్దున బస్సెక్కాను. రెండు గంటల పాటు 4జీ. తర్వాత ఘాట్ రోడ్డు మొదలయ్యాక 'హెచ్'. పదకొండు గంటలకు ఆ 'హెచ్' కూడా పోయి "ఎమర్జెన్సీ కాల్స్ మాత్రమే" అని వచ్చింది. మలుపు తిరిగితే వస్తుందిలే అనుకున్నాను. సాయంత్రం నాలుగింటికి స్టేషన్‌కి చేరేదాకా రాలేదు. చేరాకా రాలేదు.

చేరగానే ఫోన్ చేస్తానని ఇంట్లో చెప్పి వచ్చాను. మా పాపకి ఎనిమిదేళ్లు. అమ్మ ఫోన్ వచ్చాకే పడుకుంటానని మొండికేసే పిల్ల. స్టేషన్‌లో అక్కడి స్టాఫ్ దగ్గర ఫోన్లు ఉన్నాయి, వాళ్లు చక్కగా మాట్లాడుకుంటున్నారు. వాళ్ల సిమ్‌లకు విదేశాలకు కాల్ చేసే వీలు లేదు. ఒకాయన పాపం తన ఫోన్ ఇచ్చి ప్రయత్నించమన్నాడు, వెళ్లలేదు. నా ఫోన్ రీస్టార్ట్ చేశాను, సిమ్ తీసి తుడిచి మళ్లీ పెట్టాను, ఫ్లైట్ మోడ్ వేసి తీశాను. రాత్రి పదకొండు వరకు ఆరుబయట చలిలో ఫోన్ పైకెత్తి పట్టుకుని తిరిగాను. పక్కవాళ్ల ఫోన్లకు సిగ్నల్ ఉండి నా ఒక్క ఫోన్‌కే లేకపోవడం లోపల తొలిచేసింది. ఫోన్ పాడైందా, సిమ్ పాడైందా, కంపెనీ వాళ్లు ఆపేశారా అని రాత్రంతా ఇవే ఆలోచనలు. ఇంట్లో ఆయన ఎంత కంగారు పడుతున్నారో తలచుకుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

10న మధ్యాహ్నం మా సీనియర్ మేడమ్ వేరే బస్సులో వచ్చారు. ఇలాంటి చోట్ల చాలా ఏళ్లు తిరిగిన మనిషి. నా ఫోన్ చేతిలోకి తీసుకుని సెట్టింగ్స్‌లో సిమ్ పేజీ తెరిచారు. కిందికి జరిపి ఒకచోట వేలు పెట్టి, "ఇది నువ్వే ఆఫ్ చేశావా?" అని అడిగారు. "2జీని అనుమతించు" అనే మీట. ఆఫ్‌లో ఉంది.

నేనే చేశాను. సుమారు ఏడాది కిందట. 2జీలో టవర్ అసలుదో నకిలీదో ఫోన్ నిర్ధారించుకోలేదని, మోసగాళ్లు నకిలీ టవర్లతో దొంగ మెసేజ్‌లు పంపుతున్నారని, అందుకే 2జీ ఆపేసుకోమని ఒక భద్రతా సలహా చదివాను. సలహా సరైనదే. ఆండ్రాయిడ్ 12 నుంచి ఈ మీట వచ్చింది, అన్ని మోడళ్లలోనూ ఉండదు. ఐఫోన్‌లో విడిగా ఇలాంటి మీట లేదు, లాక్‌డౌన్ మోడ్ అనే గట్టి భద్రతా సెట్టింగ్ పెట్టుకుంటే 2జీ కూడా ఆగిపోతుంది. ఊళ్లో అన్నిచోట్లా 4జీ ఉంటుంది కాబట్టి ఆఫ్ చేసిన సంగతి పూర్తిగా మరిచిపోయాను. ఈ కొండల్లో ఉన్నదే 2జీ. నా ఫోన్ దాని ముఖం కూడా చూడలేదు. ఎమర్జెన్సీ కాల్స్‌కి మాత్రం ఈ మీట అడ్డురాదు. తెర మీద ఆ ఒక్క ముక్క కనబడడానికి కారణం అదేనని మేడమ్ చెప్పారు.

మీట ఆన్ చేశాను. ఒక నిమిషం కూడా పట్టలేదు. రెండు గీతలు, పక్కన 'ఈ'. సరిగ్గా 26 గంటల తర్వాత ప్రాణం లేచొచ్చింది. ఫోన్ వరసగా మోగింది. 14 మిస్డ్ కాల్ మెసేజ్‌లు, తమ్ముడివి రెండు, ఆయనవి ఆరు. వెంటనే ఇంటికి చేశాను. ఒక్క రింగుకే ఎత్తారు. "ఎక్కడున్నావు?" అన్నారు, ఆ గొంతులో కోపమో భయమో నాకు తెలియలేదు. పక్క నుంచి పాప ఏడుపు వినపడింది. ఏమీ కాలేదని చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.

ఆ రోజు నుంచి 2జీ తోనే బతుకు. దాంతో పనేంటో నిజంగా తెలిసింది ఆ తర్వాతే.

స్టేషన్‌లో సిగ్నల్ అంతటా ఉండదు. తూర్పు వైపు వరండా చివర ఒక కిటికీ ఉంది, ఆ కిటికీ గట్టు మీద మాత్రం నిలకడగా ఉంటుంది. లోయ అవతలి కొండ మీది టవర్ ఆ కిటికీకి సూటిగా కనిపిస్తుంది. అందరి ఫోన్లూ ఆ గట్టు మీదే వరసగా పెట్టి ఉండేవి. ఐదారు ఫోన్లు, రింగ్ సౌండ్ పూర్తిగా పెంచి. ఎవరిది మోగితే దగ్గరలో ఉన్నవాళ్లు పేరు పెట్టి కేకేస్తారు. జేబులో పెట్టుకుని గదిలో కూర్చుంటే ఫోన్ సిగ్నల్ కోసం వెతికి వెతికి మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోయేది. గట్టు మీద పెడితే రాత్రి దాకా వచ్చేది. మాట్లాడేటప్పుడు కూడా ఫోన్ బాగా వేడెక్కేది. 2జీలో దూరపు టవర్‌ని అందుకోవడానికి ఫోన్ 4జీ కంటే చాలా ఎక్కువ పవర్‌తో అరుస్తుంది మరి.

ఆ వరండాలో ఒక టేబుల్ మీద కంప్యూటర్ స్పీకర్లు ఉండేవి. రెండో రోజు వాటిలోంచి "టిక్ టిటిక్ టిటిక్ ఝుఝుఝు" అని చప్పుడు వచ్చింది. రెండు సెకన్లకి నా ఫోన్ మోగింది. చిన్నప్పుడు ఇంట్లో టీవీ పక్కన ఫోన్ పెడితే ఇదే చప్పుడు వినేదాన్ని, ఎన్నో ఏళ్లుగా మరిచిపోయాను. 2జీ ఫోన్ ఆగకుండా మాట్లాడదు. సెకనుకు 217 సార్లు తన వంతు వచ్చినప్పుడల్లా చిన్న చిన్న ముక్కలుగా పంపుతుంది. ఆ ముక్కలనే స్పీకర్ వైరు పట్టుకుని మనకు వినిపిస్తుంది. వారం తిరిగేసరికి అందరం ఆ చప్పుడు వినగానే పని వదిలి కిటికీ వైపు చూడడం అలవాటైపోయింది. ఇప్పటికీ ఆ చప్పుడు తలచుకుంటే ఆ వరండా కళ్ల ముందుకొస్తుంది.

ఇక డేటా. వాట్సాప్‌లో మాటలు వెళతాయి. ఒక టిక్కు పడడానికి ఒక్కోసారి అర నిమిషం, రెండో టిక్కుకి ఇంకొంచెం. ఫొటోల సంగతి వేరు. 'ఈ' మీద పుస్తకాల ప్రకారం సెకనుకు 236 కిలోబిట్ల వరకు వస్తుంది. నేను కొలిచినప్పుడు మంచి టైములో 100 వచ్చింది. ఆ లెక్కన 3 ఎంబీ ఫొటో దిగడానికి నాలుగు నిమిషాలు కావాలి, అదీ మధ్యలో ఏదీ అడ్డు రాకపోతే. అడ్డు వస్తుంది. 2జీలో కాల్ వచ్చిందంటే డేటా అక్కడే ఆగిపోతుంది. 3జీలో మాట్లాడుతూ మెసేజ్ చూసుకోవచ్చు, ఇక్కడ అది కుదరదు. ఒకసారికి ఒకటే పని. మొదటి మూడు రోజులు ఇది నాకు ఎక్కలేదు. ఇంటికి కాల్ చేసి "ఆ ఫొటో ఇప్పుడే పంపండి, చూసి చెబుతాను" అనేదాన్ని. మాట్లాడుతున్నంతసేపూ ఆ ఫొటో కదిలేదే కాదు.

పాప ఒక రోజు బొమ్మ గీసింది. ఆయన ఫొటో తీసి పంపారు, రెండు గంటలు గుండ్రంగా తిరిగి ఆగిపోయింది. రాత్రి ఫోన్‌లో చూశావా అమ్మా అని అడిగింది. ఇంకా రాలేదని చెబితే, "అయితే నేనే చెప్తా, విను" అని మొదలుపెట్టింది. ఏనుగు, దాని కాళ్లు నీలం, వీపు మీద నేను, నా చేతిలో ఫోన్. ఏడు నిమిషాలు చెప్పింది. ప్యాక్‌లో నిమిషాలు తరిగిపోతున్నా ఆపబుద్ధి కాలేదు. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది 2జీలో, అయినా ఆ పిల్ల ఎక్కడ నవ్విందో తెలుస్తూనే ఉంది. మర్నాడు ఆయన అదే ఫొటోని స్క్రీన్‌షాట్ తీసి, చుట్టూ కత్తిరించి పంపారు. 200 కేబీ లోపే. అర నిమిషంలో వచ్చేసింది. ఆ తర్వాత ఏ ఫొటో అయినా అలాగే పంపమన్నాను.

యాప్‌లన్నిటికీ వెనకాల డేటా వాడుకునే అనుమతి తీసేశాను. ఫొటో బ్యాకప్, మెయిల్ సింక్, యాప్ అప్‌డేట్లు, అన్నీ. ఇది చేయకముందు వాట్సాప్ మెసేజ్ వెళ్లడానికి ఐదు నిమిషాలు పట్టిన సందర్భాలున్నాయి. సన్నటి పైపులోంచి అన్నీ ఒక్కసారి దూరాలని చూస్తే ఏదీ దూరదు. చివరికి లెక్క చూస్తే ఆ 13 రోజుల్లో ప్యాక్ మీద నేను వాడిన డేటా 64 ఎంబీ. 5 జీబీ కొనుక్కుని వెళ్లాను. ఇలాంటి చోటుకి వెళ్లేవాళ్లు డేటా తక్కువ, నిమిషాలు ఎక్కువ ఉన్న ప్యాక్ చూసుకోండి. నా నిమిషాలు తొమ్మిదో రోజుకే అయిపోయాయి, మళ్లీ టాప్ అప్ వేయించుకోవాల్సి వచ్చింది.

మామూలు ఎస్సెమ్మెస్ మాత్రం ఎప్పుడూ మోసం చేయలేదు. ఒక్క గీత ఉన్నా వెళుతుంది. అయితే తెలుగులో రాసేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో అయితే ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో 70 మాత్రమే. ఆ 70 కూడా మనం లెక్కపెట్టుకునే అక్షరాలు కావు. "క్షేమంగా చేరాను" అంటే మన కంటికి ఆరు అక్షరాలు. ఫోన్ మాత్రం ఖాళీతో కలిపి 15 లెక్కేస్తుంది. ఒత్తు, గుడి, సున్నా అన్నీ దానికి విడివిడే. 70 దాటితే మెసేజ్‌ని ముక్కలు చేస్తుంది, ముక్కకి 67 చొప్పున. నేను రోజూ రాత్రి మా అమ్మకి రాసిన మూడు నాలుగు లైన్ల మెసేజ్ ఒక్కటి కాదు, మూడు. ప్యాక్‌లో మెసేజ్‌లు నాలుగో రోజుకే సగం అయిపోయి ఉంటే ఎందుకో అర్థం కాలేదు. అమ్మకి ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు చదవడం రాదు. అందుకని పొట్టిగా, తెలుగులోనే రాయడం నేర్చుకున్నాను.

ఫిబ్రవరి 17. ఈ రోజు గురించి రాయాలనే అసలు ఇదంతా మొదలుపెట్టాను.

సాయంత్రం ఐదింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, కంగారు పడకు" అన్నాడు. ఆ మాట వినగానే గుండె జారిపోయింది. అమ్మ బాత్రూమ్‌లో జారి పడింది, మణికట్టు విరిగింది, రేపు పొద్దున ఆపరేషన్, ఈ రాత్రికి ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టాలి. తన దగ్గర ఉన్నది సరిపోదు. ఇలాంటి అవసరానికని మేమిద్దరం కలిసి వేసుకున్న డబ్బు నా అకౌంట్‌లో ఉంది. "పది నిమిషాల్లో పంపుతాను" అని పెట్టేశాను.

బ్యాంక్ యాప్ తెరిచాను. అప్‌డేట్ చేస్తేనే తెరుచుకుంటానంది. 84 ఎంబీ. సెకనుకు 100 కిలోబిట్లతో అది దాదాపు రెండు గంటల పని. బ్రౌజర్‌లో బ్యాంక్ సైట్ తెరిచాను. మొదటి పేజీకి మూడు నిమిషాలు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టాను. ఓటీపీ పది సెకన్లలో వచ్చింది, అది ఎస్సెమ్మెస్ కదా. కానీ ఆ ఓటీపీ కొట్టాల్సిన పేజీ రాలేదు. తెల్లటి తెర. పైన నీలం గీత సగంలో ఆగి ఉంది. ఓటీపీకి టైము మూడు నిమిషాలు. అంకెలు చేతిలో ఉన్నాయి, వాటిని రాయడానికి గడి లేదు. గడి వచ్చేసరికి "సమయం ముగిసింది". మళ్లీ మొదటి నుంచి. రెండోసారి గడి వచ్చింది, కొట్టాను, ఓకే నొక్కాను. అదే క్షణంలో స్పీకర్లలో టిటిక్ టిటిక్. తమ్ముడి కాల్. డేటా ఆగిపోయింది, సెషన్ పోయింది.

కాళ్లూ చేతులూ ఆడలేదు. ఫోన్‌లో నెట్‌వర్క్ లిస్టు తెరిచి చేత్తో వెతికాను. వెతకడానికే నాలుగు నిమిషాలు. రెండు పేర్లు వచ్చాయి. ఒకటి నేను ఉన్నది. రెండోది ఎంచుకున్నాను, పూర్తి గీతలు వచ్చాయి. ఆశ పుట్టింది. గీతలు పెరిగాయి కానీ పక్కన ఉన్నది అదే 'ఈ'. గీతలు సిగ్నల్ ఎంత గట్టిగా అందుతుందో చెబుతాయి, స్పీడు గురించి చెప్పవు. మూడోసారి ప్రయత్నం, నాలుగోసారి. 40 నిమిషాలు అయిపోయాయి. పాస్‌వర్డ్ ఇంకోసారి తప్పితే అకౌంట్ లాక్ అవుతుందేమోనని చెయ్యి వణికింది.

మా మేడమ్ అప్పుడు ఫీల్డ్ నుంచి వచ్చారు. విషయం విని, "ఇంటర్నెట్‌తో ఎందుకు కుస్తీ పడుతున్నావు? కాల్ బాగానే వెళుతోందిగా. డబ్బు పంపగలిగినవాళ్లు ఎవరున్నారో వాళ్లకి చెయ్యి" అన్నారు. ఆయన ఆ రోజు రాత్రి ప్రయాణంలో ఉన్నారు, ఫోన్ కలవడం లేదు. ఆఫీసులో నా పక్క సీటు అక్కకి చేశాను. రెండు నిమిషాల 10 సెకన్లు. తమ్ముడి నంబరు చెప్పాను, ఎంత పంపాలో చెప్పాను. "సరే, పెట్టెయ్యి" అంది. నాలుగు నిమిషాలకి తమ్ముడి దగ్గర నుంచి ఎస్సెమ్మెస్: "వచ్చాయి అక్కా." ఆ గట్టు పక్కనే కింద కూర్చుండిపోయాను. 40 నిమిషాలు కానిది ఒక కాల్‌తో అయిపోయింది. ఆ అక్కకి తిరిగి వచ్చాక డబ్బైతే ఇచ్చాను గానీ, ఆ సాయానికి లెక్క లేదు. అమ్మ ఆపరేషన్ మర్నాడు బాగా జరిగింది.

ఆ తర్వాత మిగిలిన రోజుల్లో డేటా మీద ఆశ పెట్టుకోలేదు. అవసరమైనవన్నీ కాల్‌తో, ఎస్సెమ్మెస్‌తో నడిపించాను. బాగానే నడిచాయి.

22న కొండ దిగాను, 23న విమానం. మన ఎయిర్‌పోర్టులో దిగి ఫోన్ ఆన్ చేస్తే "నో సర్వీస్". 40 నిమిషాలు. సామాను బెల్టు దగ్గర నిలబడి ఉన్నప్పుడు గుర్తొచ్చింది, 17న నెట్‌వర్క్ చేత్తో ఎంచుకున్నాను, దాన్ని తిరిగి ఆటోమేటిక్‌లో పెట్టలేదు. నా ఫోన్ ఇక్కడ కూడా ఆ విదేశీ నెట్‌వర్క్ కోసమే వెతుకుతోంది. ఆటోమేటిక్ నొక్కగానే వచ్చేసింది. ఆరు రోజులు అలా వదిలేయడం వల్ల జరిగిన అసలు నష్టం అప్పటికి నాకు తెలియదు.

అది మార్చి 19న తెలిసింది, బిల్లు వచ్చినప్పుడు. రోమింగ్ లెక్కలు అక్కడి కంపెనీ నుంచి ఇక్కడికి ఆలస్యంగా వస్తాయట. మామూలు నెల బిల్లుకి ఐదు రెట్లు వచ్చింది. తీసుకున్న ప్యాక్ కాక. కూర్చుని ఒక్కో లైనూ చూశాను. పెద్ద మొత్తం ఆ రెండో నెట్‌వర్క్ మీద వాడిన డేటాది, 31 ఎంబీ. అది నా ప్యాక్‌కి పార్ట్‌నర్ కాదు. "మీ ప్యాక్ ఈ నెట్‌వర్క్‌కి వర్తించదు" అని 17న మెసేజ్ వచ్చిందట, వెతికితే కనిపించింది. ఓటీపీల మధ్యలో చూసుకోలేదు. చేత్తో నెట్‌వర్క్ మార్చేముందు ప్యాక్‌లో ఏ పేర్లు ఉన్నాయో కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కంగారులో వెతుక్కునే స్థితి ఉండదు.

ఇంకో 11 కాల్స్ అసలు అర్థం కాలేదు. 30, 40 సెకన్లవి. ఒక్కోదానికి రెండు లైన్లు, ఒకటి వచ్చిన కాల్‌గా, ఇంకొకటి నేను విదేశం నుంచి ఇక్కడికి చేసిన కాల్‌గా. నేను అవేవీ మాట్లాడలేదు. కస్టమర్ కేర్‌లో 22 నిమిషాలు ఆగాక ఒకాయన ఓపిగ్గా చెప్పాడు. నా నంబరుకి వాయిస్ మెయిల్, అంటే ఎత్తని కాల్స్‌కి మాట రికార్డు చేసుకునే సౌకర్యం, పెట్టి ఉంది. నాకు ఆ సంగతే తెలియదు. నేను ఫీల్డ్‌లో ఉన్నప్పుడు గట్టు మీద ఫోన్ మోగి మోగి ఆగిపోతే, అప్పటికే విదేశం దాకా వెళ్లిన ఆ కాల్ మళ్లీ ఇక్కడి వాయిస్ మెయిల్‌కి తిరిగి వచ్చింది. పోనూ రానూ రెండు ఛార్జీలూ నావే. ఫోన్ పూర్తిగా స్విచాఫ్ అయి ఉంటే కాల్ ఇక్కడి నుంచే వాయిస్ మెయిల్‌కి మళ్లేదట, ఆ ఖర్చు ఉండేది కాదట. వెళ్లేముందే ##002# డయల్ చేసి ఉంటే ఫార్వర్డింగ్ మొత్తం రద్దయ్యేది. *#61# కొడితే ఎత్తని కాల్స్ ఎటు మళ్లుతున్నాయో చూపిస్తుంది. ఈ రెండూ డేటా లేకపోయినా పనిచేస్తాయి. ఫార్వర్డింగ్ ఛార్జీల మీద ఫిర్యాదు పెట్టాను. తొమ్మిది రోజుల తర్వాత అందులో సగం వెనక్కి వేశారు. డేటా ఛార్జీ మాత్రం కట్టాల్సిందేనన్నారు, కట్టాను.

ఇంటికొచ్చిన రోజే 2జీ మీట మళ్లీ ఆఫ్ చేశాను. ఇక్కడ దాని అవసరం లేదు, నకిలీ టవర్ల భయం మాత్రం అలాగే ఉంది. వచ్చే జూన్‌లో మా టీమ్‌లో ఇంకో అమ్మాయి అదే స్టేషన్‌కి వెళుతోంది. ఒక చీటీ రాసి ఇచ్చాను: 2జీ ఆన్, ##002#, బ్యాంక్ యాప్ అప్‌డేట్, పార్ట్‌నర్ పేర్లు, డబ్బు పంపగలిగిన ఇద్దరి నంబర్లు కాగితం మీద. చీటీ చదువుకుని, "వరండా చివర కిటికీ ఎటువైపు అక్కా?" అని అడిగింది. తూర్పు అని రాసి, కింద గీత గీశాను.